మూడు మూలలు, ఒక సున్న

దేవరకద్ర కాడ గేటు పడ్డది.
గూడ్సుబండి డబ్బాలు యాభై ఎనిమిది లెక్కబెట్టి
నేను క్లాసుల అడుగుపెట్టేసరికి
నుస్రత్ మేడం బోర్డు మీద
ఒక త్రిభుజం గీసి ఉన్నది.

"ఇది మగమనిషి."
పక్కన సున్న చుట్టి, "ఇది ఆడమనిషి."
నడుమ సమానం గుర్తు: పెండ్లి.
(ఆడపిల్లల బెంచీల్ల ఎవరో కిసుక్కుమన్నరు.)
కిందికి గీత దిగితే పిల్లలు.
మనిషి మీద అడ్డంగ గీత పడితే
సచ్చిపోయినట్టు.

తర్వాత సంస్కృతి అంటే ఏందో రాసుకొమ్మన్నది.
నేను రాసుకోలే.
ఆ గీతలనే చూసుకుంట కూసున్న.
వాటిని ఇంతకుముందు ఎన్నడో విన్న.
అవును, విన్న.

మా తాత బుగ్గప్ప
కాపుల వాకిట్ల నిలబడి తంబూర సవరించి
కండ్లు మూసుకున్నడంటే
ఏడు తరాలు ఒక్క ఊపిరికి దిగొచ్చేటియి,
మెట్లబాయిల నీళ్లకు దిగినట్టు.
ఏ కరువుకు ఎవరు ఏ ఊరు ఇడిసిన్రో,
ఎవరి ఎద్దు ఎవరి చేన్ల పడి
అన్నదమ్ములు ఒక్క వాకిలిని రెండు చేసుకున్నరో
అన్నీ ఆయన గొంతుల ఉండేటియి.
సుద్దముక్క లేదు, బోర్డు లేదు.
ఆరేండ్ల పిల్లను, నేను జోలె పట్టుకొని
జొన్నలు పోసేదాక అరుగు కింద ఎండల
ఒక కాలు కాలితే ఇంకో కాలు మీద.

"వంశరాజ్ సువర్ణ."
"ప్రెజెంట్ మేడం."
"రాజుల వంశమారా బై!" ఎనక బెంచీ నవ్వింది.
సర్టిఫికెట్ల పేరు మంచిగనే ఉంటది.
ఊర్ల పిలిచే పేరు వేరే.
అది ఈడ రాయను.

పక్కన కూసున్న పిల్ల ప్రణవి
తన ఇంటి గీతలు గీసుకుంట గీసుకుంట
మూడో వరుసల ఆగింది.
"మా తాతోళ్ల నాయిన పేరేందో, ఇంటికి ఫోన్ చేయాలె."
ఊరు అడిగిన. ఇంటిపేరు అడిగిన.
మా మిరాశి ఊరే.
ఆయన అప్పటికే నా నాలుక మీదికొచ్చి నిలబడ్డడు,
గోత్రంతోటి, గుర్రంతోటి.

చెప్తే "నీకెట్ల తెలుసు" అంటది.
ఎట్ల తెలుసో చెప్పాలంటే
మళ్ల ఆ ఎండ, ఆ జోలె,
అరుగు కింది ఆ జాగ.

"లచ్చిరెడ్డి," అన్న మెల్లగ.
"ఎడమచేతి వాటం ఆయనకు."
పెన్ను ఆగింది.
నేను బోర్డు దిక్కు చూసిన.

ఇంటికాడ చేసుకరావాల్సిన పని:
ఎవరి ఇంటివి వాళ్లు, నాలుగు తరాలు.

రాత్రి తాత ముందల కాయితం పరిచిన.
"మనది చెప్పు తాతా."
"నేను, మా నాయిన ఈరప్ప, ఆయన నాయిన..."
తంబూర లేని చెయ్యి గాలిల ఏదో ఎతికింది.
"మనకు చెప్పేటోడు ఎవడున్నడు బిడ్డా.
మనం మందివి చెప్పుకుంట తిరిగినోళ్లం."
ఊరందరి ముత్తాతలు నిద్రపోతున్న ఆ నోట్ల
ఆయన ముత్తాతకు చోటు దొరకలే.

"మరి ఆడోళ్లయి?"
"వరుసల ఆడోళ్లు రారు. అట్ల నేర్పలే మాకు."

బియ్యంల రాళ్లు ఏరుకుంట అవ్వ
తల ఎత్తకుండనే అందుకున్నది.
సాయమ్మ. సాయమ్మ తల్లి బండెమ్మ.
బండెమ్మ పుట్టింది గుడిసెల కాదు,
ఆత్మకూరు తొవ్వల, బండి కింద, వానల.
సున్న మీద సున్న చుట్టిన.
కాయితం చాలక అడ్డం తిప్పిన.
సమానం గుర్తు చూసి "ఇదేందే?" అన్నది.
పెండ్లి అని చెప్తే
చాటల బియ్యం ఒలికేటట్టు నవ్వింది.

నవ్వు ఆగినంక
చానాసేపు ఒక్క రాయినే ఏరింది.

"మీ నాయిన కంటె ముందు ఒకరున్నరు.
మూడు దినాలు. పేరు పెట్టలే.
కొడుకో బిడ్డో తాతకు సుత చెప్పలే నేను,
ఆయన ఊర్ల మీద ఉండె.
దానికేం గీస్తరో
మీ మేడంను అడుగు."

రెండో క్లాసు బుధవారం, పదిన్నరకు.
గేటు పడకుంటే
ముందు బెంచీల కూసుంట.