తరుగు

మీనంబాకంలో వేకువ నాలుగున్నర.
హైడ్రోజన్ షెడ్డులో మేం గుసగుసగానే మాట్లాడతాం,
తెల్లటి రబ్బరు ఊపిరి పోసుకుంటూ ఉంటుంది.
దాని దారానికి వేలాడబోయే డబ్బా
టీ గ్లాసంత.

ఎగరేసే ముందు దాన్ని పరీక్షకి కూర్చోబెడతాను.
ఆవిరి నిండిన జాడీలో పెట్టి
ఇక్కడ తేమ నూరు, నువ్వేమంటావు, అని అడుగుతాను.
తొంభై తొమ్మిదిన్నర అంటుంది.
సరే.
ఆ అర, పుస్తకంలో రాస్తాను.

మా నాన్న కొండితోపులో కంసాలి.
ఏటా తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి
మా రాళ్ళకి ముద్ర వేసి పోయేవాడు.
ఆయన రాయికి ముద్ర ఎవరేస్తారు నాయనా?
ఆయన పైన ఇంకొకాయన.
మరి ఆయనకి?
కుంపటి ఊదడం ఆపకుండానే నాన్న,
"ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు
నిజం చెప్పక తప్పదులే అమ్మీ."

ఆ ప్రశ్నతోనే నాకు జీతం వస్తుందని అప్పుడు తెలీదు.
మా థర్మామీటరుకి ఢిల్లీలో ఒక పెద్దన్న,
ఆ అన్నకి ఇంకో పెద్ద.
పైకి పైకి పోతే చివర
నీరూ మంచూ ఆవిరీ ముగ్గురూ
ఒకే గాజుబుడ్డిలో కాపురముండే
ఆ ఒక్క చల్లదనం దగ్గర ఆగుతుంది వంశం.

కింద మేం చెమటలు కక్కుతుంటే
పదిహేడు కిలోమీటర్ల పైన ఇదే చెన్నై
మైనస్ ఎనభై.
ఆ చలి పదేళ్ళలో ఎంత మారిందో చెప్పాలి.
మారేది డిగ్రీలో చిన్న ముక్క.
మా తప్పు ఆ ముక్క కన్నా చిన్నదిగా ఉండాలి,
లేకపోతే చూసింది ఆకాశాన్నా, మా తప్పునా?

అందుకే ఈ కూటమి.
దీనికి రాజు లేడు.
జర్మనీలో ఏదో పల్లె, నాకు నోరు తిరగదు,
అక్కడ అందరి లెక్కలూ సరిచూసే కేంద్రం ఒకటి.
ఏడాదికోసారి కూర్చుని పోట్లాడుకునే పెద్దలు కొందరు.
ఎండకి తీగ ఎంత వేడెక్కుతుందో తేల్చడానికే ఒక జట్టు,
అదీ నాలుగేళ్ళుగా తేలుస్తూనే ఉంది.
మంచు మీద ఒక స్టేషను, సముద్రం నడుమ దీవిలో ఒకటి.
ఖర్చు ఎవరి దేశానిది వాళ్ళది.
మేమింకా సభ్యులం కాము. అర్జీ పెట్టుకున్నాం.
మిగతా కాగితాలు ఎన్ని అడిగినా
అసలు షరతు ఒకటే,
నీ తరుగు నువ్వే చెప్పాలి.

నాన్న చీటీ మీద బంగారం ఇంత, తరుగు ఇంత అని రాసేవాడు.
పక్క కొట్టాయన తరుగే లేదనేవాడు.
గిరాకీ అంతా అటే పోయేది.

పోయిన కార్తీకంలో, వానల్లో,
పొడి జాడీలో నీలం గింజలు గులాబీకి తిరిగాయి.
చూశాను. రేపు మారుద్దాం అనుకున్నాను.
పదకొండు రేపులు.
ఆ రాత్రి మీటింగులో తెర మీద
ఎనిమిది దేశాల ముఖాల ముందు చెప్పేశాను.
తిట్టు కోసం ఎదురుచూశాను.
ఫిన్లాండ్ ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని
"ఎంత?" అంది. అంతే.
ఆ పదకొండు రోజుల అంకెలు చెరిపేయలేదు,
పక్కన తరుగు పెంచి రాశారు.
ఇంటికొచ్చి చాలాసేపు నిద్రపట్టలేదు.

తై నెలలో నా రిటైర్మెంటు.
పరికరం మారిస్తే పాతదీ కొత్తదీ
ఒకే బెలూనుకి కట్టి కొన్నాళ్ళు ఎగరేయాలి.
మనిషి మారినా ఆ రోజు రాసి ఉంచాలి.
అందుకని యాళిని ఈ నెలంతా నా పక్కనే,
నా ముడి చూసి తన ముడి వేస్తుంది.
దానిది బిగువు ఎక్కువ.
అదీ రాశాను.

మధ్యాహ్నం తిరువళ్ళూరు అవతలి నుంచి ఫోను.
"అక్కా, మా చెరుకుతోటలో ఏదో డబ్బా పడింది,
మీ నంబరుంది దీని మీద. తెచ్చియ్యాలా?"
వద్దులే నాయనా, ఉంచుకో.
అది చెప్పాల్సింది చెప్పేసింది.
"ఏం చెప్పింది?"
యాళిని నా వైపు చూసింది.
ఫోను దానికిచ్చాను.