ఎరుపు ముందు పోతుంది

నీళ్లలో అన్ని రంగులకన్నా ముందు పోయేది ఎరుపేనట.
పడవ మీద డైవింగ్ మాస్టరు చెబితే
నేను నమ్మలేదు.
గుంటూరు నుంచి వచ్చినదాన్ని.
మా ఊళ్లో ఎరుపు పోతే
ముక్కులోకి పోతుంది, గొంతులోకి పోతుంది,
ఫిబ్రవరిలో యార్డు గేటు దాటిన ప్రతి ఆటో వెనకాలా
అరండల్‌పేట దాకా పోయి
నా స్టూడియో పరదాల్ని కూడా తుమ్మిస్తుంది.

పదకొండేళ్లు పెళ్లిళ్లు తీశాను.
లైటు చాల్లేదు, అప్పగింతల ఏడుపు మళ్లీ ఒకసారంటే
కళ్లు తుడుచుకుని మళ్లీ ఏడ్చినవాళ్లున్నారు.
ఆ డబ్బుల్తో కొన్నదీ డబ్బా,
కెమెరా మునిగినా తడవనివ్వని డబ్బా.
రైలెక్కే ముందు నా లైట్‌బాయ్ యేసోబు
నిమ్మకాయ దొరక్క
ఒకే ఒక్క ఎండుమిరపకాయని నల్లదారంతో దానికి కట్టాడు.
"దిష్టికి నమ్మకం అక్కర్లేదు మేడమ్, దారం ఉంటే చాలు.
మా పాస్టరుగారికి మాత్రం చెప్పకండి."

మనుషుల్లేని దీవి అది.
కొండ నెత్తిన పొగ.
మాడిన మూకుడు బోర్లించినట్టు ఒడ్డు.
ఎవరో ఎప్పుడో వదిలేసిపోయిన మేకలు
లావా రాళ్ల మీద వరసగా నిలబడి
మమ్మల్ని పిలవని పెళ్లికొచ్చినవాళ్లని చూసినట్టు చూశాయి.
పెద్ద లెన్సు పెట్టి చాలాసేపు బతిమాలాను.
ఒక్కటీ నవ్వలేదు.

తర్వాత నీళ్లు.
అయిదు మీటర్లు: నా అరచేతి గోరింటాకు టీ మరక.
పది: యేసోబు మిరపకాయ వంకాయ రంగు.
పద్దెనిమిది: బొగ్గు.

అప్పుడొచ్చింది మాంటా,
గుంజలు ఊడిన షామియానా
తనంతట తాను ఇంటికి బయల్దేరినట్టు,
నా మీదున్న వెలుగంతా చాపలా చుట్టుకుంటూ.
దీని కోసమే కదా అప్పు చేసింది.
దాని పొట్ట కింద ఫోకస్ వెతుక్కుంటూ
ఫ్లాష్ నొక్కాను.

సరిగ్గా అప్పుడే దారం తేలి లెన్సుకి అడ్డమొచ్చింది.
సెకనులో వెయ్యో వంతు సేపు
మిరపకాయ ఎర్రగా అరిచింది.
ఎక్కడికీ పోలేదది.
నేను ఊపిరి బిగబట్టాను,
నీళ్ల అడుగున అదొక్కటే చెయ్యొద్దన్నారు.

ఫోటోలో మాంటాది తోక మాత్రమే మిగిలింది.

యార్డులో తొడిమలు తీస్తున్న దీనమ్మకి,
యేసోబు వాళ్లమ్మకి, ఫోన్‌లో చూపించాను.
పొగ కొండని వేలితో పక్కకి తోసేసింది.
మేకల దగ్గర ఆగి "మేత లేదు పాపం" అంది.
ఫ్లాష్ పడని మిరపకాయని చూసి
"నీళ్లు తాగిన కాయ, తాలులో పోస్తారు."
ఫ్లాష్ పడినదాన్ని చూసి
"ఇది తేజ."
రెండూ ఒకటే కాయ దీనమ్మా, అన్నాను.
"ఒకటెట్టా అవుద్ది? రేటు ఒకటా?"

డబ్బా నుంచి అసలు కాయని విప్పి ఇచ్చాను.
ఎండకి పట్టి చూసింది.
చెవి దగ్గర ఆడించి గింజల్ని విన్నది.
విరిచి నాలిక్కి తగిలించుకుని
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఉప్పు పట్టింది," అంది చివరికి,
"పచ్చడికి సరిపోద్ది."
మిగతా సగం కొంగున ముడేసుకుని
కుప్ప మీదకి వంగింది.

డబ్బాకిప్పుడు దారం ఒక్కటే ఉంది.