సబ్జెక్ట్ అనే గడిలో

బాల్టిమోర్‌లో నవంబరు ముసురు.
లైబ్రరీ నేలమాళిగలో నా ఉద్యోగం
పాత రీళ్ళ దుమ్ము దులిపి, కంప్యూటర్‌కి ఎక్కించి
ఒక్కోదానికీ ఓ పేరు పెట్టడం.

ఇవాళ్టి డబ్బాలో ఓ పసివాడు.
పరుపు మీద కూర్చోబెట్టారు. ఇంకా ఏడాది నిండలేదేమో.
తెల్ల ఎలుక వస్తే చెయ్యి చాస్తాడు,
ఏ ఇంట్లో పిల్లాడైనా గిలక్కాయకి చాచినట్టే.
అప్పుడు వాడి వీపు వెనక
ఎవరో ఇనుప కడ్డీని సుత్తితో కొడతారు.

రీలు మూగది. నాకు దెబ్బ వినపడదు.
నోరు తెరుచుకోవడం ఒక్కటే కనబడుతుంది.
పాలకి తెరిచే నోరు కాదది.

తర్వాత కుందేలు. తర్వాత కుక్క. తర్వాత
ఎవరిదో బొచ్చు కోటు.
మెత్తగా ఉన్న ప్రతిదాన్నీ వాడి నుంచి లాక్కున్నారు
నోట్‌బుక్కులో టిక్కులు పెట్టుకుంటూ.
భయం ఎలా పుడుతుందో కనిపెట్టారట.
కనిపెట్టడానికేముంది?
మా మేనత్తనడిగితే చెప్పేది, పైసా ఖర్చు లేకుండా:
"బూచాడొస్తాడు, ముద్ద మింగు."
మింగేదాన్ని. ఇప్పటికీ కరెంటు పోతే గబగబా తింటాను.
కాని ఆవిడ రాత్రికి నన్ను పక్కలో వేసుకునేది.
ఈ పిల్లాణ్ణి భయపెట్టినవాళ్ళు
కుట్లు విప్పకుండానే
ఇంటికి పంపేశారు.

పక్క బల్ల దగ్గర లూవీనియా గాడ్స్‌డెన్.
ఎనభై దాటాయి. వారానికి రెండు రోజులు
జీతం లేకుండా వచ్చి ఫోటోల వెనక పేర్లు రాస్తుంది.
నా తెర వైపు ఓసారి చూసి, కళ్ళజోడు తుడుచుకుని
"నన్నూ కూర్చోబెట్టారు ఇలాంటి వాటిలో" అంది.

దక్షిణాన ఏదో పొగాకు ఊరు. ఆరేళ్ళ పిల్ల.
బల్ల మీద రెండు బొమ్మలు. ఒకటే అచ్చు, రెండు రంగులు.
మంచి బొమ్మ ఏది? చెడ్డది ఏది?
తెల్లదాన్ని మంచిదంది. ఏమంటే సరిపోతుందో తెలుసు.
"బడిలో జవాబులు అలాగే చెబుతాం కదమ్మా."
చివర్న, నీలా ఉన్న బొమ్మ ఏది?
రెంటినీ ఎత్తి నోళ్ళు చూసిందట.
తనకి ముందు పన్ను ఊడింది, ముందురోజే.
ఏ బొమ్మకీ ఊడలేదు.
"ఏదీ కాదు" అంది.
ఆయన రాసుకున్నాడు: జవాబు లేదు.

"కోపమా?" అన్నాను.
"దేనికి? అలాంటి కాగితాలు పట్టుకెళ్ళే కదా
కోర్టులో బడి తలుపులు తెరవమని అడిగారు.
మా తమ్ముడు ఆ తలుపులోంచే వెళ్ళాడు.
కాని చూడు,
బస్సులో గీత గీసినవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు.
బొమ్మలమ్మే కొట్టువాణ్ణి అడగలేదు.
గాయం చూపించమని నన్నే అడిగారు.
అదీ ఆరేళ్ళదాన్ని,
పన్ను ఊడిన సంగతి ఎవరికైనా చెప్పాలని
పొద్దుట్నుంచీ ఆగలేకపోతున్నదాన్ని."

నేనేమీ అనలేకపోయాను.
మా ఇంట్లో బొమ్మలు అక్కర్లేకపోయింది.
చెల్లికి సున్నిపిండి ఒకసారి, నాకు రెండుసార్లు.
"కాస్త రంగు తేలుతుందేమో" అని
అమ్మ నా మోచేతులు రుద్దేది
ప్రేమగానే. అదే చిక్కు.

ఐదయింది. ఫారం నింపాలి.
తేదీ తెలియదు. నిడివి రాశాను.
సబ్జెక్ట్ అనే గడి దగ్గర ఆగి
భయం, అని కొట్టాను.
"ఎవరిది?" అంది లూవీనియా, కోటు తొడుక్కుంటూ.
చెరిపాను.
శిశువు, అని కొట్టి అదీ చెరిపాను.

మా వైపు సుత్తి అంటే నవ్వులాట.
ఆపకుండా వాగేవాణ్ణి సుత్తి కొట్టకురా అంటాం.
ఆ మాటే రాశాను గడిలో. సుత్తి.
కింది వరుసలో: పట్టుకున్న చెయ్యి. ఫ్రేములో లేదు.

బయట వాన. బస్సు ఆలస్యం.
నా గొడుగు కిందకి వచ్చి నిలబడి
"ఆ పన్ను చాలా ఏళ్ళు దాచుకున్నాను" అంది.
ఎక్కడో అడిగేలోపు
బస్సొచ్చింది.