వాలు

ఎర్రగుంట్లలో భూమి బల్లపరుపే.
కావాలంటే రైల్వే గేటు దాటి రా,
పాలిషు ఫ్యాక్టరీల ముందర నిలువునా పేర్చిన నల్లబండల్ని చూడు.
పొరలు పొరలుగా దేవుడే పేర్చిపెట్టినట్టు
ఉలి ఆనిస్తే చాలు, రేకులాగా లేస్తాది రాయి.
ముప్పైయేళ్ళు ఆ రాయిని నున్నగా చేసిన జక్కరయ్య
భూమి గుండ్రం కాదంటే
అందులో వింతేముంది?

ముందు నవ్వింది నేనే.
సంఘ కమిటీలో, కానుకల లెక్క చూస్తాంటే
ఫోనెత్తి చూపించినాడు: మంచుగోడలూ, గాజుకప్పూ,
మూలలు నాలుగని వాక్యంలోనే ఉందంటూ.
"మరి నెల్లూరు అవతల అంచుందా జక్కరయ్యా,
సముద్రం కారిపోతాందా?" అన్నాను.
ఇరవైయేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పిన నోరు.
అందరూ నవ్వినారు. అయ్యగారు దగ్గుతో కప్పుకున్నారు.
గెలిచినట్టే అనిపించింది,
ఆ ఆదివారం, ఆ పై ఆదివారం
మగవాళ్ళ వైపు మూడో వరుసలో
కిటికీ పక్క ఖాళీ అగుపించేదాకా.
రొట్టె విరిచిన రోజు కూడా రాలేదు.

గ్లోబు సంచిలో వేసుకొని పోయినాను.
తప్పు ఒప్పుకోడానికి పోతా పోతా
ఆయుధం వెంట తీసుకుపోయేది నాలాంటోళ్ళే.

ఎస్తేరమ్మ చాప వేసింది. బొరుగులు పెట్టింది.
రాతిదుమ్ము తిన్న ఊపిరి వాకిట్లోకే వినిపిస్తాది.
గోడమీద తిమోతి ఫోటో, పద్దెనిమిదేళ్ళు.
క్వారీ గుంత వాణ్ణి మింగిన తేదీ కింద రాసినారు.

"అక్కా, నీ లెక్క ప్రకారం
ఇది గిర్రున తిరిగే ఉండ.
చుట్టూ చీకటి. అడుగు లేదు, కప్పు లేదు.
ఆ చీకట్లో నా పిల్లోణ్ణి ఎవరు చూసుకుంటాంటారు?
నాది ఇల్లక్కా. నేల, గోడ, పైన మూత.
మూతకవతలే నాయన.
పిలిస్తే వినపడేంత దూరం."

సంచి ముడి విప్పలేదు నేను.
చదువుకున్నాను గాని దీనికి జవాబు చదవలేదు.
ఏ తాడూ లేకుండా శూన్యంలో భూమిని వేలాడదీసినాడనే మాట
నాలిక చివరిదాకా వచ్చింది. అదీ వాక్యమే.
కానీ రాళ్ళు విసరడానికీ వాక్యమే వాడతాం మనం.
మింగినాను.
"గుండ్రమేలే జక్కరయ్యా, అబద్ధం చెప్పలేను.
నవ్వింది మటుకు తప్పే.
తిమోతి దాకా తగుల్తాదని తెలీలేదు."
అతడు బొరుగుల గిన్నె నా వైపు జరిపినాడు.

ఇంకేం మాట్లాడాలో తోచక అడిగినాను,
గుడి నేల నువ్వే కదా పరిచింది, అని.
ఆ మాటకు లేచి కూర్చున్నాడు మనిషి.
"రసమట్టం పెట్టి, పదకొండు దినాలు.
చూసేవాళ్ళకు బల్లపరుపే, అక్కా.
కానీ పీఠం కాడనుంచి తలవాకిలి దాకా
రెండంగుళాలు వాలు ఇచ్చినా.
కడిగిన నీళ్ళు పోవాల కదా.
కంటికి ఆనదు. పాదానికీ తెలీదు.
నీళ్ళకు తెలుస్తాది."

అని, తన మాట తానే విన్నవాడిలా
కాసేపు గమ్మునుండిపోయినాడు.
నేను టీచరును. ఆ గమ్ములోకి దూరి
పాఠం ముగించడం ఎంత తేలికో నాకు తెలుసు.
బొరుగులు తిన్నాను. పచ్చిమిరపకాయ కొరికినాను.
కండ్లలో నీళ్ళు తిరిగినాయి.
కారానికే అనుకున్నాడు. అనుకోనీ.

ఆదివారం వచ్చినాడు, మూడో వరుస, కిటికీ పక్క.
మారలేదు. ఆరాధన అయినాక గేటు కాడ
సైకిలు షాపు దానయ్యకు మళ్ళీ మంచుగోడ చూపిస్తానే ఉండాడు.
సండేస్కూల్లో నేను గుండ్రమనే చెప్తాండా.
"మరి జక్కరయ్య తాత?" అని ఒకడు అడిగితే
"తాత పరిచిన నేలమీదనే కదరా మనం మోకరిస్తాండేది" అన్నాను.
వాడికది జవాబు కాలేదు.
గ్లోబును ఇంకోసారి గిర్రున తిప్పినాడు.

శనివారం గుడి కడగడం నా వంతు.
బకెట్టు పీఠం మెట్టుకాడ కుమ్మరించి
చీపురు పక్కన పెట్టి నిలబడినాను.
నీళ్ళు కాసేపు ఎటూ పోలేదు.
తర్వాత కదిలినాయి.