తలకిందుల దుంప

టికెట్ కొనుక్కునే వెళ్ళాం,
నాటినవాడూ, నాటినవాడి పెళ్ళామూ.
రెండు టికెట్లూ కలిపితే
నా రెండు రోజుల వడుకు కూలి.
గేటు దగ్గర కుర్రాడికి మా ఆయన
గోళ్ళ కింది మట్టి చూపించబోయాడు.
ఐదు నెలలైంది కదా, ఇంకేం మట్టి!
"వెనకాల జనం ఉన్నారు చాచా, జరగండి" అన్నాడు వాడు.

నవంబరులో చూడాలి ఈ నేలని.
జబర్వాన్ కొండ మీంచి దిగే గాలికి
ఫెరన్ లోపల కాంగ్రీలో నిప్పులు కూడా ముడుచుకునేవి.
తాడు కట్టి, బెత్తెడు బెత్తెడు కొలిచి,
వంగిన నడుం వంగినట్టే ముప్ఫైమంది
దుంపల్ని మట్టిలోకి దించేవారు.
పెట్టె మీద అంకె ఉండేది. రంగు రాసి ఉండేది కాదు.
"ఏం పూలు?" అని అడిగితే
"పద్నాలుగో నెంబరు" అనేవాడు ఖజీర్,
ఆకుకూర అన్నంలో కలుపుకుంటూ.
ఉల్లిపాయల్లా ఉంటాయట.
ఒకటి తెమ్మన్నాను, చూడ్డానికి.
తేలేదు. లెక్క ఉంటుందన్నాడు.

ఒక రాత్రి మాత్రం
కంచం ముందు ఊరికే కూర్చున్నాడు.
"ఒకదాన్ని తలకిందులుగా పెట్టేశాను.
కప్పేశాక గుర్తొచ్చింది.
మేస్త్రీ నెత్తిమీదే ఉన్నాడు, తవ్వలేకపోయాను."
నేను నవ్వాను. అన్ని వేలల్లో ఒక్క దుంప!
తను నవ్వలేదు.
జనవరిలో మంచు పడ్డ ప్రతి రాత్రీ
రజాయిలోంచి అడిగేవాడు:
"మొలక కిందికే పోతూ ఉంటుందంటావా?"
నాకేం తెలుసు, నూలు వడికేదాన్ని.
పడుకోమనేదాన్ని.

ఇప్పుడేమో,
ఏం చెప్పను,
అద్దకంవాడు తడి శాలువలన్నీ
ఒక్కసారే ఆరేశాడు అందామంటే
శాలువలు ఇలా మెడలు తిప్పి చూడవు.
ఎరుపు నించి పసుపుకి తిరిగేసరికి కళ్ళు మూలిగాయి.
ఎవరో కొత్త జంట, అద్దెకి తెచ్చిన ఫెరన్లలో;
నగల బరువుకి పిల్ల మెడ వాలిపోతోంది,
"నవ్వండి, నవ్వండి" అంటున్నాడు ఫోటోవాడు.
ఒక ముసలాయన వరసలు లెక్కపెడుతుంటే
మనవడు కావాలని తప్పు అంకెలు అందిస్తున్నాడు.

ఖజీర్ ఏ రంగునీ చూడలేదు.
పెదాలు కదుపుతూ, తల దించుకుని,
మూడో మెట్టు, కాలవకి ఎడమ,
బాదం చెట్టు నించి తొమ్మిదోది...
నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.
నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం
ముప్ఫై ఏళ్ళలో ఇది రెండోసారి.
మొదటిది వరద నీళ్ళలో.

"ఇదిగో, నా వరస."
ఊదారంగు. అంచుల్లో పాలు ఒలికినట్టు తెలుపు.
ఓహో, పద్నాలుగో నెంబరంటే ఇదా!
వేలితో లెక్కపెట్టాడు.
ఇరవై మూడు దగ్గర ఆగింది వేలు.

ఉంది.
పక్కవాటి నడుం దాకా కూడా రాలేదు.
కాడ కొక్కెంలా వంగి లేచింది.
మొగ్గ ఇంకా పచ్చిది, పెదవి విప్పలేదు.
ముందు కిందికే పోయి ఉంటుంది.
ఎక్కడో, చీకట్లో, ఇటు కాదని తెలిసి
మళ్ళి ఉంటుంది.

ఖజీర్ తాడు దాటి ఒక కాలు లోపల పెట్టాడు.
విజిల్ మోగింది.
"చాచా! మడిలో దిగకూడదు!"
నవంబరంతా మోకాళ్ళ మీద అక్కడే పాకినవాడు
తప్పు చేసిన పిల్లాడిలా కాలు వెనక్కి తీసుకున్నాడు.
నాకు నవ్వొచ్చింది. ఈసారి తనకీ వచ్చింది.

"ఎప్పుడు పూస్తుంది?"
"పది రోజులు."
"అప్పటికి తోట మూసేస్తారుగా?"
"మూస్తారు. మర్నాడు మమ్మల్ని పిలుస్తారు,
వాడిన తలలన్నీ తుంచెయ్యడానికి.
ఆ రోజు టికెట్ ఉండదు."
"మరి దాన్నీ తుంచుతావా?"

జవాబు లేదు.
గేటు బయట ఉప్పు చాయ్‌లో రొట్టె ముంచాడు.
ముంచినది తినడం మరిచి
మెత్తగా కప్పులోకి జారిపోనిచ్చాడు.