వినబడలేదు అని రాయాలి

రాత్రి పదకొండింటికి రుషికొండ మీద
నాకు పొద్దు మొదలవుతుంది.
చెవులకి హెడ్‌ఫోన్స్, కాలి కింద పెడల్.
ఎక్కడో ఒట్టావాలో ఒక కమిటీ గది
గొంతు సవరించుకుంటుంది.
వాళ్లు మాట్లాడతారు, మేం రాస్తాం,
నిమిషానికి ఇంతని.

ఒకాయన స్వేచ్ఛ అంటాడు.
ఎదుటాయన కూడా స్వేచ్ఛే అంటాడు,
కాకపోతే దాన్ని మొదటాయన దొంగిలించాడంటాడు.
ఎవరో ఫ్రెంచిలోకి మారిపోతారు.
అనువాదం చెప్పే అమ్మాయి మధ్యలో దగ్గుతుంది.
దగ్గు రాయకూడదు.
ఇద్దరూ ఒక్కసారే అరిస్తే
"ఒకరి మీద ఒకరు" అని రాయాలి.
మాట అందకపోతే "వినబడలేదు" అని రాసి
పక్కన టైము వేయాలి.
మౌనం అసలే రాయకూడదు,
దానికి కంపెనీ పైసలివ్వదు.

ఒంటిగంట దాటాక అమెరికా వస్తుంది.
ఏ రాష్ట్రమో చెప్పనని సంతకం పెట్టాను.
ఎవరి తలుపు ఏ వేళ కొట్టొచ్చు,
ఎవరి ఫోను ఎవరు విప్పొచ్చు,
కాగితం ఉండాలా, అనుమానం చాలా,
నాలుగు గంటలు ఇదే.
పోయినేడు ప్రతిపక్షంలో కూర్చుని
సర్కారు నా గుమ్మం తొక్కకూడదన్న గొంతే
ఈ ఏడు కుర్చీ ఎక్కి
తప్పు చేయనివాడికి గడియెందుకు అంటోంది.
ఆ గొంతు నేను నిద్రలోనైనా గుర్తుపడతాను.
పాత ఫైలు నా దగ్గరే ఉంది.
ఏమీ అనను.
అక్కడ నేను పది వేళ్లు మాత్రమే.

నిన్న రాత్రి ఎవరో ముసలావిడ, సాక్షి.
మూడు నిమిషాలిచ్చారు.
"మావాడిని తీసుకెళ్లినరోజు" అంటుండగా మైకు ఆగింది.
ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
నేను పెడల్ నొక్కి ముందుకెళ్లిపోయాను.

తెల్లారి ఐదున్నరకి కొండ దిగితే
సముద్రం ఇంకా ఇనుము రంగులో ఉంటుంది,
ఎర్నమ్మ బండి దగ్గర అల్లం వాసన.
"రాత్రల్లా ఏటి రాస్తావమ్మా?"
పరాయి దేశాల తగువులు.
"మన తగువులు రాసినోలు నేరేటి?"
నవ్వేసి గ్లాసు అందుకునేదాన్ని.

ఇవాళ బండి లేదు.
ఉంది, లారీలో ఉంది, చక్రాలు పైకి.
ఎవరో పెద్దలు దిగుతున్నారట,
డివైడర్లకి మళ్లీ కొత్త రంగు,
మురికివాడకి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ.
ఆర్డరు అన్నాడు కానిస్టేబులు.
ఎవరిది అంటే వేలు ఆకాశంలోకి చూపించాడు.
పాలు రోడ్డు మీద పారుతున్నాయి.

"అప్పుడు జెండా కట్నేదని తీసినారు,
సరే అని కట్టినాను.
ఇప్పుడది ఇప్పనేదని తీస్తన్నారు.
టీకి పంచదార కావాల గానీ
జెండా ఎందుకు బాబూ?"

ఆ జెండావాళ్లొచ్చారు, ఈ జెండావాళ్లొచ్చారు.
మీ హయాంలో, మీ హయాంలో.
ఒకరి మీద ఒకరు.
ఆమె వెనక ఫొటోలు దిగి వెళ్లారు.
లారీ ఇంజను మొదలైంది, ఆమె పెదాలు కదులుతున్నాయి,
నా వేలు అలవాటుగా గాలిలో లేచింది:
వినబడలేదు, ఆరూ పన్నెండు.

అబద్ధం. నాకు వినబడింది.

ఫుట్‌పాత్ మీద కూర్చుని
జీతం చీటీ వెనకవైపు రాశాను,
జోనల్ ఆఫీసరు గారికి అని మొదలెట్టి,
ఆమె చెప్పింది చెప్పినట్టు, దగ్గుతో సహా.
చదివి వినిపించమంది.
విని, నా పెన్ను పట్టుకు ఆపింది.
"బండి అని కాదు.
నా బండి అని రాయి."

రసీదు ఇచ్చారు. నంబరుంది.
తొమ్మిది రోజులైంది.

రాత్రి పాత ఫైలు తెరిచి
ఆ ముసలావిడ దగ్గరికి వెనక్కి వెళ్లాను.
"మౌనం, పదకొండు సెకన్లు" అని చేర్చాను.
క్వాలిటీవాళ్లు దాన్ని కొట్టేసి
నలభై రూపాయలు కోశారు.