వేరు మంట

తెరెస్కెన్‌కి కొమ్మ తక్కువ, వేరు ఎక్కువ.
జానెడు పైకి కనిపిస్తే
మూరలకొద్దీ నేలలో దాక్కుంటుంది.
మాకు కావలసింది ఆ దాక్కున్నదే.
పలుగు ఏటవాలుగా దించి, కాలితో తొక్కి,
మెడ దగ్గర పట్టి లాగాలి.
కిర్రుమంటుంది.
మొదటిసారి విన్నప్పుడు
పన్ను పీకించుకున్న రోజు గుర్తొచ్చింది.
ఇప్పుడేమీ గుర్తు రాదు.

ముర్గాబ్‌కి బొగ్గు లారీలొచ్చే కాలంలో
మా అత్త బత్మకాన్‌కి ఇది జడల బర్రెల మేత, అంతే.
దేశం పేరు మారిన చలికాలం
లారీలు రాలేదు.
ఆ యేడు ఇంటి వెనకే దొరికింది.
మరుసటేడు ఏరు దాటితే దొరికింది.
తర్వాత గాడిద మీద ఒక పూట.
ఇప్పుడు తొక్తోసున్ పాత జిల్ లారీలో
డెబ్భై కిలోమీటర్లు,
పుల్లల కోసం పెట్రోలు కాలుస్తూ.
గిట్టుబాటు కాదు కదా అంటే
"ఆ లెక్కలు చలికి చెప్పు" అంటాడు.

బడి పంతులు ఒక వేరును అడ్డంగా కోసి
భూతద్దం పెట్టి వలయాలు లెక్కపెట్టాడు.
నలభై ఒకటి.
నా వయసూ అంతే.
ఆ రాత్రి నా ఈడుదాన్ని పొయ్యిలో పెట్టాను.
ఒక్కసారిగా భగ్గుమని, వెంటనే తగ్గిపోయింది.
ఈ ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయట, పంతులే అన్నాడు.
ఆలుగడ్డ మాత్రం ఉడకదు.

పీకినచోట ఏమీ మొలవదు.
గాలి వచ్చి ఆ గుంటను వెడల్పు చేస్తుంది,
తీసుకెళ్లిన మట్టిని మా రొట్టెల్లో తెచ్చి పోస్తుంది.
నములుతుంటే పళ్ల కింద కరకర.
చేతులు కాలాక పట్టుకుందామన్నా
ఈ పీఠభూమి మీద ఆకులు లేవు.

మొన్న పొద్దంతా తిరిగినా
లారీ అడుగు కూడా నిండలేదు.
ఇంట్లో నూర్జాత్ పక్కన తొమ్మిది రోజుల పసిగుడ్డు.
పిడకలు నాలుగు రోజులకి సరిపోతాయి,
ఆపైన మా పొయ్యిలో పిల్లి లేవదు.
మంచు మొదలైంది.
దారి తప్పామో, తొక్తోసునే తప్పించాడో,
పాత సమాధుల గుట్ట దగ్గర తేలాం.

మట్టి గుమ్మటాలు, వాటి మీద అడవి గొర్రె కొమ్ములు.
వాటి మధ్య
నడుమెత్తు తెరెస్కెన్!
తెల్లటి నూగు కాయలతో,
నా చిన్నప్పటి కొండలాగే.
ఎవరూ ముట్టుకోలేదు. ఎవరు ముట్టుకుంటారు?

తొక్తోసున్ ఇంజిన్ ఆపలేదు.
అటు తిరిగి సిగరెట్ వెలిగించుకున్నాడు.

మా అత్త అక్కడే ఉంది, మూడో వరసలో.
రెండు పుల్లలతో అయ్యే పనికి
మూడోది తీస్తే మణికట్టు మీద కొట్టేది.
చివరి చలికాలం
దుప్పటిలోంచి చెయ్యి బయటపెట్టి
పొయ్యి వైపు చూపించి
"ఒకటి తగ్గించు" అంది.
అది ఆమె చివరి మాట కాదు,
చివరి మాట ఏదో టీ గురించి.
నాకు గుర్తున్నది మాత్రం ఇదే.

పలుగు లారీలోనే వదిలేశాను.
గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెర తీసుకున్నాను.
మోకాళ్ల మీద కూర్చుని
నేలకి బెత్తెడు పైన కోశాను,
ఒక్కో పొదకి రెండు కొమ్మలు.
ఆమె తల దగ్గరి పొదను వదిలేశాను.
భయమో, మర్యాదో.
కొంగు నిండింది. అంతే.

వేరు లేని మంట ఉత్త చిటపటే.
నీళ్లు గోరువెచ్చనయ్యాయి, మరగలేదు.
పసిదానికి తడిగుడ్డతో ఒళ్లు తుడిచి
ఉన్నిలో చుట్టాం.
కళ్లు తెరిచి, నిప్పుని చూసి,
తుమ్మింది.

మర్నాడు బజారులో
టైరు బాగుచేసే కుర్రాడు
లారీలో రాలిన తెల్ల నూగు చూశాడు.
"ఎక్కడ దొరికింది మామా?"
తొక్తోసున్ నా వైపు చూడలేదు.
చెయ్యెత్తి
చైనా సరిహద్దు వైపు కొండల్ని చూపించాడు,
అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు.